యజమాని మారిన యంత్రశాల

కర్మాగారము చేతులు మారినదను వార్త పత్రికలో పడినప్పుడెల్ల రెండు మాటలు వినబడును. క్రొత్త యజమాని వచ్చెను గనుక కొలువులు పెరుగునని కొందరు సంతసింతురు. క్రొత్త యజమాని వచ్చెను గనుక ఉన్న కొలువులు పోవునని మరికొందరు దిగులుపడుదురు. ఇరువురి నమ్మకమునకును మూలమొక్కటియే: కొలువును పుట్టించువాడును, పోగొట్టువాడును యజమానియే యని. ఈ నమ్మకమెంతవరకు నిజమో విచారించుటకు మన తెలుగునేలయందే తగిన చరిత్ర యొకటి జరిగియున్నది. ఒకే సంస్థ కడుపున పుట్టిన కర్మాగారములు వేర్వేరు చేతులకు పోయి వేర్వేరు గతులను పొందిన చరిత్ర యది.

మార్కాపురము, గిద్దలూరు సీమలో కూర్చుండి మోటారుబండ్ల కర్మాగారములనుగూర్చి వ్రాయుటేల యని చదువరులడుగవచ్చును. కారణము కలదు. నల్లమల కొండలకు తూర్పున వాననీడలో నున్న మెట్టసీమ మాది. మా పాఠశాలలలో పదవ తరగతి ముగించిన పిల్లలు ఐ.టి.ఐ.కో పాలిటెక్నిక్కునకో పోయి, అటనుండి హైదరాబాదునకును, బెంగుళూరునకును, శ్రీపెరుంబుదూరునకును, ఈ నడుమ పెనుకొండకును కొలువులకై వెడలుచున్నారు. పిల్లవానిని పంపునప్పుడు తండ్రులు మమ్ముల నడుగు ప్రశ్న జీతమునుగూర్చినది కాదు. "సారూ, ఆ కంపెనీ నిలబడేదేనా?" అని యడుగుదురు. ఎకరమో రెండెకరములో తాకట్టు పెట్టి చదువు చెప్పించినవాని నోట వచ్చు ప్రశ్న యది. దానికి బోర్డుమీది పేరును చూచి జవాబు చెప్పరాదని మేము తలచుచున్నాము. యజమానులు మారుట కర్మాగారములకేమి, ఊళ్లకును ఉన్నదే. మార్కాపురము, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లానుండి విడివడి 1970 ఫిబ్రవరిలో క్రొత్తగా నేర్పడిన ఒంగోలు జిల్లాలో చేరినవి. జిల్లా పేరు 1972లో ప్రకాశమని మారినది. బావులలో నీరుమాత్రము అందువలన ఒక్క జానెడును పైకి రాలేదు.

ఇక ఆ చరిత్ర. 1942లో, రెండవ ప్రపంచయుద్ధము జరుగుచుండగా, ఏడవ నిజాము ప్రభుత్వపు పారిశ్రామిక నిధియు, అల్లావుద్దీన్ కంపెనీ యను వర్తకసంఘమును పాళ్లు కలిసి హైదరాబాదులో ఆల్విన్ మెటల్ వర్క్స్ అను లోహకర్మాగారమును స్థాపించిరి. అంతకు పదియేండ్లకు ముందే, 1932లో, నిజాము రైలు శాఖవారు 27 బస్సులతో రోడ్డు రవాణాను ప్రారంభించియుండిరి. ఆ బస్సులు పెరుగుచున్నకొలది వానికి బాడీలు కట్టువారు కావలసివచ్చిరి. ఆల్బియన్ బండ్లకు ఆల్విన్ వారు కట్టిన బాడీలు హైదరాబాదు వీథులలో చిరకాలము తిరిగినవి. రెండంతస్తుల బస్సును చూచి నోరు తెరువని పల్లెవాడు ఆ కాలమున లేడు. పిదప నీ సంస్థ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వపు సంస్థయై పలు శాఖలుగా విస్తరిల్లెను. ఇనుపబీరువాలు, కుర్చీలు చేసెను. రిఫ్రిజిరేటరులు చేసెను, ఒక తరమువారి యిండ్లలో ఆల్విన్ అనగా రిఫ్రిజిరేటరే. 1981లో జపానుదేశపు సైకో సంస్థవారి సహకారముతో చేతిగడియారములు చేయ నారంభించెను. స్కూటరు కూడ చేసి దానికి పుష్పక్ అని పేరు పెట్టెను.

ఆ పేరు పెట్టినవారెవరో గాని వారికి తెలియకయే జోస్యము చెప్పినట్లయినది. పుష్పకమంతగా యజమానులను మార్చిన వాహనము మన పురాణములలో మరియొకటి లేదు. కుబేరుని సొత్తు, రావణుడు లాగికొనెను, రావణవధానంతరము రాముని అయోధ్యకు మోసెను, తుదకు కుబేరుని కడకే పోయెను. ఎవరెక్కినను అది యెగిరినది, ఎగురు శక్తి దానియందే యున్నది గనుక. ఆల్విన్ శాఖలకు అట్టి యదృష్టము అన్నిటికిని పట్టలేదు.

1980 తరువాత కేంద్రప్రభుత్వము చిన్నలారీల తయారీకై జపాను సంస్థలతో కలిసి పనిచేయుటకు నాలుగు సంస్థలకు అనుమతి నిచ్చెను. ఆల్విన్ నిస్సాన్ సంస్థ మెదకు జిల్లాలోని జహీరాబాదునను, స్వరాజ్ మాజ్డా పంజాబునను, డి.సి.ఎం. టయోటా ఉత్తరప్రదేశమున సూరజ్‌పురమునను, ఐషర్ మిత్సుబిషి మధ్యప్రదేశమున పీతంపురమునను వెలసినవి. జహీరాబాదు నాటికి చెరకుతోటల తాలూకా, కర్ణాటక సరిహద్దు. అటువంటిచోట జపాను నమూనా లారీ, క్యాబ్‌స్టార్ అనునది, వరుసగా బయటికి వచ్చుట ఆ ప్రాంతపు పిల్లలకు వింతయేగాక ఆశయు నయ్యెను. అది ప్రభుత్వపు సంస్థ గనుక కొలువు దొరికినచో జీవితాంతము స్థిరమని తలంచినవారు పెక్కుమంది.

కాని జహీరాబాదు కొలువుల గతి జహీరాబాదున గాక న్యూయార్కు నగరమున నిర్ణయమయ్యెను. 1985 సెప్టెంబరులో అమెరికా, జపాను, పశ్చిమ జర్మనీ, ఫ్రాన్సు, బ్రిటను దేశముల ఆర్థికమంత్రులు ప్లాజా హోటలునందు సమావేశమై డాలరు విలువను దించి, జపాను నాణెమైన యెన్ మొదలగువాని విలువను హెచ్చించుటకు సమ్మతించిరి. అప్పటికి డాలరునకు 240 యెన్‌ల ప్రాంతమున నుండగా, 1988 నాటికి 130కి దిగువకు వచ్చెను. అనగా జపానునుండి తెప్పించుకొను ప్రతి యంత్రభాగము వెలయు సుమారు రెట్టింపయ్యెనన్నమాట. ఈ నాలుగు సంస్థలును తమ లారీలలో పెద్దభాగమును జపానునుండి పెట్టెలలో తెప్పించి ఇచట కూర్చుచుండినవి. సరిగా అప్పుడే, 1986లో, టాటావారు తమ సొంత నమూనాయగు 407 అను చిన్నలారీని అంగడిలో దించిరి. దాని భాగములు ఇచటివే, వెల తక్కువ, చెడినచో ఏ బస్తీలోనైనను మరమ్మతు చేయగల మేస్త్రీ దొరకును. మా ప్రాంతమున సంతలకు ఎండుమిరప మూటలను మోసిన చిన్నలారీ అదియే. జపాను నమూనాలారీలు నాజూకైనవి, తేలికయైనవి, చమురు తక్కువ త్రాగునవి. అయినను వెలముందు నాజూకు నిలువలేదు.

నష్టములు పేరుకొనగా 1989లో ఆల్విన్ నిస్సాన్ సంస్థను మహీంద్రావారు స్వాధీనము చేసికొనిరి. అది మహీంద్రా నిస్సాన్ ఆల్విన్ అయ్యెను. మరికొన్నియేండ్లకు ఆ మధ్యపేరును తుదిపేరును ఊడి మహీంద్రా సంస్థలో కలిసిపోయెను. (ఈ మహీంద్రావారి చరిత్రయు పేరుమార్పుల చరిత్రయే. 1945లో అది మహీంద్రా అండ్ మహమ్మద్. ఆ మహమ్మద్ గారు దేశవిభజనానంతరము పాకిస్తానమునకు ప్రథమ ఆర్థికమంత్రి యయ్యెను. ఇచట బోర్డుమీద ఆయన పేరున్నచోట రెండవ మహీంద్రా వచ్చెను.) ప్రభుత్వపు సొత్తు ప్రైవేటువారి పాలయ్యెనని నాడు గోల చేసినవారును గలరు. వారి యావేదన తప్పని మేమనము. కాని తరువాత జరిగినదానిని కూడ చూడవలయును. క్రొత్త యజమాని జహీరాబాదును జపాను పెట్టెలు విప్పు కొట్టుగా నుంచలేదు. దేశీయ భాగములతో లారీలు చేయించెను. ఆటోరిక్షావంటి మూడుచక్రముల బండ్లు చేయించెను. 2013లో అచటనే సుమారు 300 కోట్ల రూపాయల వ్యయముతో, ఏటికి లక్ష ట్రాక్టరులు చేయగల క్రొత్త కర్మాగారమును తెరిచెను. చిన్నలారీ కొనువారు తగ్గినయేడు ట్రాక్టరు కొనువారుందురు. ట్రాక్టరు అమ్మకములు దిగినయేడు మూడుచక్రముల బండ్లు పోవును. ఒక వస్తువుమీద నిలిచిన కొలువు ఒంటికాలిమీద నిలిచినట్టిది. జహీరాబాదు కొలువులకు మూడుకాళ్లు వచ్చినవి.

ఇప్పుడు తల్లి సంస్థలోని తక్కిన బిడ్డల సంగతి చూతము. రిఫ్రిజిరేటరుల శాఖను 1993-94 ప్రాంతమున టాటావారి కుటుంబములోని వోల్టాస్ సంస్థకు అప్పగించిరి. టాటాలనగా దేశమున గౌరవము గల పేరు. మహీంద్రాల కేవిధమునను తీసిపోవువారు కారు. పేరునుబట్టియే కొలువులు నిలుచునదైనచో రిఫ్రిజిరేటరుల కార్మికులే లారీల కార్మికులకంటె సుఖపడవలసియుండెను. జరిగినది వేరు. కడప జిల్లా నందలూరులో ఆల్విన్‌వారు స్థాపించిన రిఫ్రిజిరేటరుల కర్మాగారము ఆ వెనుకబడిన ప్రాంతమున కొక దీపమని యెంచబడెను. 1991 తరువాత దేశపు తలుపులు తెరచుటతో కొరియా, అమెరికా సంస్థలు మంచుపేరుకొనని క్రొత్త నమూనాలను తెచ్చినవి. ఆల్విన్ పేరు వోల్టాసునుండి స్వీడను దేశపు ఎలెక్ట్రోలక్స్‌కు పోయెను; ఎలెక్ట్రోలక్స్ వారి భారతీయ వ్యాపారము 2005లో వీడియోకాన్‌కు పోయెను. ప్రతి చేతి మార్పునందును కొన్నవారు కొన్నది అంగడిలోని స్థానమును, గడపగడపకు తెలిసిన పేరును. సనత్‌నగరునందలి కొలిమినిగాని, నందలూరునందలి పనివారి చేతులనుగాని కొనుట వారి యుద్దేశము కాదు. నందలూరు కర్మాగారము మూతపడెను. గడియారముల శాఖ కథ యింకను చిన్నది. 1987లో టైటాన్ గడియారములు వచ్చినవి. ఆ తరువాత ఆల్విన్ గడియారమును కోరి కొనువారు కరవైరి.

కావున మేము చేయు విభాగము యజమానియొక్క కులగోత్రములనుబట్టి కాదు. పేరును కొన్నవాడు వేరు, చోటును కొన్నవాడు వేరు. పేరును కొన్నవాడు దానిని మరియొకచోట చేసిన వస్తువుమీద అంటించుకొని పోగలడు. చోటును కొన్నవాడు ఆ చోట నేదో యొకటి చేయింపక తీరదు. ఏ కర్మాగారము చేతులు మారినను మొదట అడుగవలసిన ప్రశ్న యిది: వచ్చినవాడు దేనికొరకు వచ్చెను?

ఈ ప్రశ్న యొక్కటియే చాలునా? చాలదని తక్కిన మూడు సోదరసంస్థల కథ చెప్పుచున్నది. సూరజ్‌పురపు డి.సి.ఎం. టయోటాను కొరియాకు చెందిన దేవూ సంస్థ పుచ్చుకొనెను. ఆ దేవూవారు చోటునే కొనిరి. లారీలు మాని కార్లు చేయించిరి. 1995లో సియెలో అను కారు వచ్చినప్పుడు సొమ్ము ముందుగా కట్టి వేచియున్నవారెందరో! కొలువులు పెరిగినవి, క్రొత్త యంత్రములు వచ్చినవి, ఊరు పొంగెను. 1999లో కొరియాలో దేవూ సామ్రాజ్యము అప్పులలో కూలెను. తరువాత దేవూ కార్ల వ్యాపారమును కొన్న అమెరికా సంస్థ జనరల్ మోటార్సు తనకు కావలసిన కర్మాగారములను ఏరుకొని సూరజ్‌పురమును విడిచిపెట్టెను. మంచి ఉద్దేశముతో వచ్చిన యజమాని యింట అప్పు ఎంతయున్నదో మనకు కనబడదు. ఐషర్ సంస్థ 2008లో స్వీడను వోల్వోతో పాలు కలిసి పీతంపురమున వృద్ధిపొందెను. స్వరాజ్ మాజ్డా ఇసుజూ పేరు దాల్చి, 2025లో మహీంద్రావారి చేతికే వచ్చెను. నలుబదియేండ్ల క్రింద పోటీకి దిగిన నాలుగు సంస్థలలో రెండు ఒకే యింట చేరినవి.

సీమలు దాటి చూచినను ఇదియే తీరు. ఇంగ్లండులోని జాగ్వార్, లాండ్ రోవర్ కార్ల సంస్థలను అమెరికావారగు ఫోర్డు సంస్థనుండి 2008లో టాటావారు 230 కోట్ల డాలరులకు కొనిరి. నాడు ఆంగ్లేయులు తమ గౌరవచిహ్నము భారతీయుల పాలయ్యెనని పెదవి విరిచిరి; మనవారు మీసములు దువ్విరి. ఉభయుల యానందవిషాదములును కర్మాగారపు నేలకు తాకలేదు. తొలియేడాదియే ప్రపంచమంతట ఆర్థికసంక్షోభము వచ్చి పనులు తగ్గినవి, కొలువులు పోయినవి. తరువాత 2011లో ఇవోక్ అను క్రొత్తబండి హేల్‌వుడ్ కర్మాగారమున వెలువడెను. చీనాదేశమున కొనువారు పెరిగిరి. మరుసటియేటికి హేల్‌వుడ్ రేయుంబవళ్లు మూడు షిఫ్టులు నడిచెను. 2014లో వుల్వర్‌హాంప్టన్ వద్ద ఇంజనుల కర్మాగారము క్రొత్తగా తెరువబడెను. కొన్ననాడు 16,000 ప్రాంతముననున్న పనివారి సంఖ్య పదియేండ్లు తిరుగకమునుపే 40,000 చేరెను. ఆ పెరుగుదల టాటావారి పేరు చేసినది కాదు. వారు ఫోర్డువారివలె చేయి ముడుచుకొనక క్రొత్త నమూనాలమీద సొమ్ము వెచ్చించుటచే నైనది. 2019లో చీనా అమ్మకములును, డీజిలు బండ్ల గిరాకియు తగ్గగా అదే యజమాని 4,500 కొలువులను తగ్గింపబూనెను. యజమాని మారలేదు; కొనువాడు మారినాడు.

మనకు మిక్కిలి సమీపమైన కథ కియాది. 1944లో సియోల్ నగరపు శివారున సైకిలు భాగములును ఇనుపగొట్టములును చేయు చిన్నశాలగా పుట్టిన సంస్థ యిది. 1997లో కొరియాను ముంచిన ఆర్థికసంక్షోభమున దివాలా తీసెను. 1998లో వేలము జరిగి, ఆ దేశపు హ్యుందాయ్ సంస్థ 51 పాళ్లను కొనెను. ఋణదాతలు తమ బాకీలో పెద్దభాగమును వదలుకొనిరి. ఇది గమనింపదగినది. చేతులు మారుటయనగా ఉచితముగా జరుగు పెండ్లి కాదు. ఎవరో యొకరు కట్నము చెల్లించుకొందురు. కియా విషయమున చెల్లించినవి బ్యాంకులు. హ్యుందాయ్ కియా పేరును మాపలేదు, చోటును మూయలేదు. రెండు సంస్థలకును ఒకే యంత్రభాగములను వాడి, రెండు పేర్లతో అమ్మెను. ఆ లాభముతో కియా దేశాంతరములకు విస్తరించెను: 2006లో స్లొవేకియా దేశపు జిలినా, 2009లో అమెరికాలో జార్జియా రాష్ట్రపు వెస్ట్ పాయింట్, 2016లో మెక్సికో.

ఇందు వెస్ట్ పాయింట్ సంగతి మార్కాపురపువారు తెలిసికొనవలసినది. అది చిన్న బట్టలమిల్లుల ఊరు. తరములుగా దుప్పట్లు తువాళ్లు నేసి బ్రతికి, మిల్లులు మూతపడగా దిక్కులేక చూచుచుండినది. కియావారు కొలువులకు దరఖాస్తులు కోరినప్పుడు ఒక్క నెలలో 40,000 మందికి పైగా దరఖాస్తు పెట్టుకొనిరి. మా మార్కాపురమునకు మిల్లులు లేవుగాని పలకల గనులున్నవి. దేశమున అక్షరములు దిద్దిన పిల్లలలో ఎందరి యొడినో మార్కాపురపు పలక చేరినది. ఆ పలకలను కోసి, అరగదీసి, చట్రములు బిగించిన చేతులలో చిన్నపిల్లల చేతులును ఉండెను. 1988లో కేంద్రప్రభుత్వము బాలకార్మికులను విడిపించి చదివించుటకు దేశమున ఏరిన కొలది పరిశ్రమలలో మార్కాపురపు పలకల పరిశ్రమ యొకటి. పలకను చేసిన బిడ్డకు పలకమీద వ్రాయు భాగ్యము లేకుండుటకంటె సిగ్గుచేటైనది ఉపాధ్యాయవృత్తిలోనున్న మావంటివారికి మరియొకటి తోచదు. ఆ పరిశ్రమ తరువాత క్షీణించినది ఏ యజమాని చేతులు మారుటచేతను కాదు. కాగితపు పుస్తకములును, ప్లాస్టికు పలకలును వచ్చినవి. మిగిలినవారు ఆ రాతినే గోడలకు నేలలకు అలంకారపు బండలుగా కోసి బ్రతుకుచున్నారు. రాయి యదియే, గని యదియే. వస్తువును మార్చినవారు నిలిచిరి. జహీరాబాదునకు పట్టిన సూత్రమే మా బండలకును పట్టినది.

2017 ఏప్రిలులో కియావారు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వముతో ఒడంబడిక చేసికొని, అనంతపురము జిల్లా పెనుకొండ మండలమున ఎర్రమంచి గ్రామమువద్ద 536 ఎకరములలో 110 కోట్ల డాలరులతో కర్మాగారమును కట్టిరి. 1565 యుద్ధానంతరము విజయనగర రాజులు తలదాచుకొన్న పెనుకొండ అది. 2019 ఆగస్టులో సెల్టోస్ అను కారు వెలువడెను. డిసెంబరులో ప్రారంభోత్సవము జరిగెను. ప్రారంభమున ఏటికి 3 లక్షల కార్లు దాని సామర్థ్యము. 2023 జులైలో పదిలక్షవ కారు బయటికి వచ్చెను. దానివెంట హ్యుందాయ్ మోబిస్ మొదలగు యంత్రభాగముల సంస్థలును వచ్చి చుట్టును దిగినవి. వేరుసెనగ చేలనడుమ కొరియా లిపిలో హోటళ్ల బోర్డులు మొలచినవి. దివాలా తీసిన యొక కొరియా సంస్థను మరియొకరు కొని నిలబెట్టకున్నచో ఈ కొలువులు రాయలసీమకు రాకయుండెడివి. చేతి మార్పునకును కొలువునకును నడుమ ఇరువదియేండ్ల దూరమున్నది. ఆ దూరమును నింపినది కార్లు కొనువారు.

అయితే ఎట్టి కొలువులు? ఒడంబడికనాడు ప్రకటించిన లెక్కలో 4,000 స్థిరమైనవి, 7,000 తాత్కాలికమైనవి. ఈ రెండు సంఖ్యలను కూడి పదునొకండువేలని చెప్పుట సులభము. కూడకుండ చదువుట గృహస్థునకు క్షేమము. స్థిరోద్యోగికి పేరు కంపెనీ పుస్తకములో నుండును. తాత్కాలికుని పేరు గుత్తదారుని పుస్తకములో నుండును. ఒకే వరుసలో ఒకే బోల్టును ఇద్దరును బిగింతురు. చేతులు మారునప్పుడు ఈ భేదము బయటపడును. 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టములో 25ఎఫ్ఎఫ్ అను ప్రకరణముండెను. సంస్థ యొక యజమానినుండి మరియొకనికి పోవునప్పుడు, పనివాని సర్వీసు తెగకుండ, షరతులు పూర్వముకంటె తగ్గకుండ క్రొత్తవాడు స్వీకరింపవలయును. కానిచో తొలగించినట్లే యెంచి పరిహారము నీయవలయును. 2020 నాటి పారిశ్రామిక సంబంధముల స్మృతిలోను ఈ నియమమును నిలిపిరి. కాని ఇందు రెండు సందులున్నవి. కర్మాగారమును అమ్మక కంపెనీ వాటాలనుమాత్రము అమ్మినచో చట్టము దృష్టిలో యజమాని మారనేలేదు. గుత్తదారుని పనివానికి కర్మాగారపు యజమాని మొదలే యజమాని కాడు. పిల్లవానిని కొలువునకు పంపు తండ్రి ఆ నియామకపత్రమును ఒకమారు మావంటి వారిచేత చదివించుకొనిన మేలు. పత్రమునకు తలకట్టున ఎవరి పేరున్నదో, సంతకము ఎవరిదో చూచినచో సగము సంగతి తెలియును.

స్థానికులకు కొలువులను గూర్చియు నొక మాట. 2019 జులైలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ పరిశ్రమలలో నూటికి 75 కొలువులు స్థానికులకే యీయవలెనని చట్టము చేసినది. భావము మంచిదే. కాని చట్టము చేయి పట్టుకొని చోటు చూపగలదుగాని చేతికి పని నేర్పలేదు. వెల్డింగు చేయు మరచేతులను నడుపువానికి, రంగులశాలలో కొలతలు చూచువానికి, కొరియావారితో మాటాడి పని తెలిసికొనువానికి శిక్షణ కావలయును. మా సీమలో ఐ.టి.ఐ.లున్నవి, వానిలో ఆడపిల్లలను చేర్చువారు బహు అరుదు. అమ్మాయికి కుట్టుపని చాలునను మాట మేము చదువుకొన్న యిండ్లలోనే వినుచున్నాము. సూదిని నడుపనిచ్చినవారు యంత్రమును నడుపనీయరాదా?

నీటిసంగతి మిగిలినది. ఎర్రమంచి కర్మాగారమునకు నీరిచ్చునది గొల్లపల్లి జలాశయము. దానికి హంద్రీ-నీవా కాలువద్వారా వచ్చునది శ్రీశైలము వెనుకనున్న కృష్ణాజలము. కొండలు గుట్టలు ఎక్కించి, వందల మైళ్లు నడిపించి తెచ్చిన నీరది. ఆ నీరు రాకున్నచో కియావారు పెనుకొండను కన్నెత్తి చూచెడివారు కారు. శ్రీశైలము మాకు నల్లమల కవ్వలిప్రక్కనే యున్నది. ఆ నీటిని కొండ తొలిచి ఇవతలకు తెచ్చుటకు ఏర్పరచినదే వెలిగొండ పథకము. ఒక్కొక్కటి 18 కిలోమీటరులకు మించిన రెండు సొరంగములు. నాలుగు లక్షల ఎకరములకు పైగా సాగునీరును, పదిహేను లక్షలమందికి త్రాగునీరును దాని లక్ష్యము. 1996లో దానికి శంకుస్థాపన చేసిరి. నడుమ ప్రభుత్వములెన్నియో చేతులు మారినవి. 2024 మార్చిలో రెండు సొరంగములను జాతి కంకితము చేసిరి. ఆ నాటికి నల్లమలసాగరమున మునుగు గ్రామములవారికి పునరావాసము పూర్తికాలేదు.